గుమ్మడికాయకి కొట్టిన మేకు

"తలుపు ముట్టుకోకండి!"

తమలపాకుల వీధి ఈ కొస నుంచి ఆ కొస దాకా వినబడింది ఆ కేక. డోలు వాయించేవాడి చేతిలో కర్ర గాల్లోనే ఆగిపోయింది. అరటాకుల కట్ట మోసుకొస్తున్నవాడు ఆకులతో సహా ఎవరిదో అరుగు మీద కూలబడ్డాడు. అంత కంగారెందుకంటే, ఆ కేక ఏ గోడెక్కే పిల్లవాడి మీదో, ఆకులు మేసే ఆవు మీదో వేసింది కాదు. సాక్షాత్తూ మహారాజు మీద వేసింది. వేసినదెవరయ్యా అంటే, పూటకూళ్ల సింగారమ్మ.

రాజుగారి చెయ్యి ఇనుప తలుపుకి జానెడు దూరంలో ఆగింది.

ఆగింది కదా. ఆ చేతిని కాసేపు అక్కడే ఉంచి మనం కాస్త వెనక్కి వెళ్లొద్దాం.

రాజులు గుర్రాలెక్కి తిరిగే కాలమే అది. కానీ ఇళ్లలో కరెంటు కూడా ఉండేది. అలాంటి కాలం ఎప్పుడుందని అడక్కండి. ఈ కథలో ఉంది, అంతే. పసిడివాడ అనే పట్నం, దానికి చిత్రభానుడనే రాజు. ఆ రాజ్యంలో కరెంటు శాసనం అని ఒకటి అమల్లో ఉండేది. ఇల్లు కట్టినా, సత్రం కట్టినా దాని ప్రకారమే కట్టాలి. అందులో ముఖ్యమైన మాటలు మూడు. పలక పట్టిన పిల్లలకి కూడా అవి కంఠతా వచ్చు.

కరెంటుతో నడిచే ప్రతి సామానుకీ భూమిలోకి పోయే పచ్చ తీగ ఉండాలి. ప్రతి ఇంటికీ ట్రిప్ స్విచ్ ఉండాలి, దాన్ని తప్పించి కరెంటు వాడకూడదు. గోడలో దాచే తీగ స్విచ్ బోర్డు నుంచి నిట్టనిలువుగా గానీ, సూటిగా అడ్డంగా గానీ పోవాలి తప్ప ఏటవాలుగా పోకూడదు.

మొదటి రెండూ జనానికి బాగానే అర్థమయ్యాయి. కరెంటు దారి తప్పితే పచ్చ తీగ దాన్ని నేలలోకి దింపుతుంది, ట్రిప్ స్విచ్ ఠక్కున పడిపోయి ఇంటి మొత్తానికీ కరెంటు ఆపేస్తుంది. మూడోది మాత్రం నవ్వులాటైపోయింది. "గోడ లోపల తీగ ఎటు పోతే ఎవరికి కనబడుతుందండీ? వంకరగా పోతే గోడకేమైనా నడుం నొప్పా?" అనేవారు.

అలా అనేవాళ్లలో గవరయ్య ఒకడు. సింగారమ్మ తమ్ముడు. వీధిలో సగం ఇళ్లకి వైరింగు చేసినవాడు. చెయ్యి చురుకు, నోరు అంతకన్నా చురుకు.

ఇక సింగారమ్మ సంగతి. ఇన్నేళ్లూ పాకలోనే పూటకూళ్లు నడిపింది. ఆమె చేతి పులుసు ఒకసారి తిన్నవాడు ఊరు వదిలి వెళ్లేముందు ఇంకోసారి తినకుండా బండెక్కడు. ఆ పేరు కోట దాకా పోయింది. రాజుగారు కబురు పెట్టారు.

"పక్కాగా భోజనశాల కట్టుకో సింగారమ్మా. తలుపు నేనే తెరుస్తాను, మొదటి పంక్తిలో నేనే కూర్చుంటాను. ఆ రోజు నుంచి కోటకొచ్చే అతిథులందరికీ భోజనం నీ ఇంట్లోనే. ముహూర్తం మాత్రం తప్పకూడదు. తప్పితే ఎదురు వీధి పూటకూళ్ల వాళ్లు కూడా అడుగుతున్నారు."

భోజనశాల లేచింది. వైరింగు గవరయ్యే చేశాడు. ముహూర్తం రోజు రానే వచ్చింది. పొద్దున్నే దీపాలు, ఫ్యాన్లు, పిండి రుబ్బే పెద్ద గ్రైండరు అన్నీ వేసి చూశారు. అన్నీ చక్కగా తిరిగాయి. సింగారమ్మ కళ్లు కూడా వాటితోపాటే తిరిగాయి, ఆనందంతో.

అప్పుడు వచ్చింది అత్తగారు పాపాయమ్మ, చంకలో బూడిద గుమ్మడికాయతో.

"కొత్త కట్టడం, పైగా రాజుగారొస్తున్నారు. దిష్టి తగలకుండా ఉంటుందా?" అని, తోరణాలు కడుతున్నవాణ్ణి పిలిచింది. "గుమ్మం పక్కన మేకు కొట్టవయ్యా."

అతను తెలిసినవాడే. ముందు గోడని ఎగాదిగా చూశాడు. "స్విచ్ బోర్డు అదిగో అక్కడుంది, దీపం ఇదిగో ఇక్కడుంది. బోర్డుకి నిలువుగానూ కాదు, అడ్డంగానూ కాదు. ఈ మధ్యలో తీగ ఉండదు లెండి," అని మేకు కొట్టి, ఇనుప తీగతో గుమ్మడికాయ వేలాడదీశాడు. ఆ ఇనుప తీగ కొస వెళ్లి తలుపు చట్రానికి ఆనుకుంది. తలుపూ ఇనుమే, చట్రమూ ఇనుమే. ఎవరూ పట్టించుకోలేదు.

తర్వాత సింగారమ్మ గడప కడిగింది. ముగ్గు వెయ్యడానికి వంగి, తడి చేత్తో చట్రం పట్టుకుంది. చీమ కుట్టినట్టు వేళ్లలో జివ్వుమంది. అదే క్షణంలో లోపల దీపాలు ఠక్కున ఆరిపోయాయి.

"ఏ కండచీమో," అనుకుని చెయ్యి దులుపుకుంది.

గవరయ్య వచ్చి చూశాడు. ట్రిప్ స్విచ్ పడిపోయి ఉంది. "గ్రైండరు బరువెక్కువైందక్కా, అంతే," అన్నాడు. గ్రైండరు ఆపి మీట పైకి లేపాడు. ఠక్. పడిపోయింది.

"అయితే బయట దీపాల దండలు తడిసుంటాయి." దండలు విప్పించాడు. మీట లేపాడు. ఠక్.

"నే చెప్పలా?" అంది పాపాయమ్మ. "ఇది ఒక్క కాయతో పోయే దిష్టి కాదు." ఇంకో గుమ్మడికాయ తెప్పించి అదే మేకుకి తగిలించింది. రెండు కాయలూ ఒకదాన్నొకటి పలకరించుకుంటున్నట్టు ఊగాయి. గవరయ్య మీట లేపాడు.

ఠక్.

వీధి మొదట్లో డోలు వినబడింది. రాజుగారి ఊరేగింపు బయల్దేరింది. గవరయ్య నుదుటి మీద చెమట తుడుచుకున్నాడు.

"అక్కా, ఈ స్విచ్చే పిరికిది. ప్రతిదానికీ బెదురుతోంది. దీన్ని పక్కన పెట్టి డైరెక్ట్ చేసేస్తాను. రాజుగారు తినెళ్లాక తీరిగ్గా చూసుకుందాం."

"ఒరేయ్, కుక్కరు మూత మీద చిన్న బిళ్ల ఒకటుంటుంది, ఎందుకురా అది?"

"ఆవిరి మితిమీరితే ఊడిపోయి, కుక్కరు పేలకుండా కాపాడటానికి."

"అది ఊరికే ఊడిపోతోందని నేను దాని చోట సుత్తితో మేకు దిగ్గొట్టేస్తానా?"

"కుక్కరు వేరు, కరెంటు వేరు."

"నాకు కుక్కరే తెలుసు. అది మూడుసార్లు ఊడిందంటే లోపల ఏదో అడ్డుపడిందనే. ఎందుకు పడిపోతోందో తెలిసేదాకా దాన్ని ముట్టుకోకు. పట్టపగలేగా, దీపాలు లేకపోయినా వడ్డిస్తాను."

"రాజుగారికి ఫ్యాను లేకుండా వడ్డిస్తావా? ఎదురు వీధి వాళ్లు నవ్విపోతారే."

"నవ్వనీ. నవ్వొచ్చినవాళ్లని తనివితీరా నవ్వుకోమను," అనేసి సింగారమ్మ పెరటి వంటింట్లోకి వెళ్లింది. పులుసుకి తిరగమోత పెట్టాలి మరి.

ఆవాలు చిటపటలాడుతున్నాయి. ఇంతలో భోజనశాలలో దీపాలు వెలిగాయి. ఫ్యాన్లు గిర్రున తిరిగాయి. వీధిలో జనం ఓహో అన్నారు. సింగారమ్మ మొహం కూడా వెలిగింది. గరిటె ఎత్తి పట్టుకుని, ఇదిగో ఇప్పుడు ఠక్కుమంటుంది అని చెవి ఒగ్గి విన్నది.

ఠక్కు రాలేదు.

ఆవాలు మాడుతున్నాయి. ఆమె కదల్లేదు. ఎవరూ దేన్నీ బాగుచెయ్యలేదే, మరెలా బాగుపడింది? తమ్ముడు డైరెక్ట్ చేసేశాడు. ఆ ఆలోచన వెనకే ఇంకోటి వచ్చింది. పొద్దున చట్రం పట్టుకుంటే కుట్టింది. అప్పుడే దీపాలు ఆరాయి. ఇప్పుడు ఆపే స్విచ్ లేదు. గడప ఇంకా తడిగానే ఉంది. రాజుగారు చెప్పులు విడిచి వస్తారు.

అప్పుడు పరిగెత్తింది సింగారమ్మ, చేతిలో గరిటెతో, పక్క సందులోంచి వీధిలోకి. అప్పుడు వేసింది ఆ కేక.

ఇక రాజుగారి చేతి దగ్గరికి వచ్చేద్దాం. పాపం, చాలాసేపు గాల్లోనే ఉంచాం.

చిత్రభానుడు చెయ్యి దించి, ఆమెకేసి చూశాడు. "మా తండ్రిగారు పోయాక నా మీద ఇలా అరిచినవాళ్లు లేరు, సింగారమ్మా."

"అరిచినందుకు శిక్ష తర్వాత వేద్దురుగాని ప్రభూ. ముందు నాలుగడుగులు వెనక్కి వెయ్యండి. మీ వాళ్లని కూడా వెయ్యమనండి."

రాజుగారు వేశాడు. రాజే వేస్తే తక్కినవాళ్లు ఊరుకుంటారా? వీధి వీధంతా నాలుగడుగులు వెనక్కి వేసింది.

"గవరయ్యా, మెయిన్ దించు."

"అక్కా, ముహూర్తం..."

"దించమన్నానా?"

దించాడు. ఫ్యాన్లు నెమ్మదిగా ఆగిపోయాయి. ఎదురు వీధి పూటకూళ్ల వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకున్నారు. సింగారమ్మకి అది కనబడింది. అయినా తల దించలేదు.

"ప్రభూ, పొద్దున కరెంటు బాగానే ఉంది. తర్వాత చెడింది. గ్రైండరు ఆపాం, అది కాదు. దండలు తీశాం, అవీ కాదు. పొద్దుటి నుంచి ఈ ఇంటికి కొత్తగా వచ్చి, ఇంకా ఇక్కడే ఉన్నది ఏమిటో నాకు తేలాలి. అదేమిటత్తా?"

పాపాయమ్మ ఇటు చూసింది, అటు చూసింది. పైన ఊగుతున్న కాయల్ని చూసింది. "గుమ్మడికాయ," అంది, వినబడీ వినబడనట్టు.

తోరణాలవాడు కాయలు దించి మేకు ఊడబీకాడు. మేకు మొన గోడలోని కరెంటు తీగకి తగిలి, కాలి నల్లబడి ఉంది. అది చూసి అతను రాజుగారి వైపు తిరిగాడు. "నేను శాసనం చూసుకునే కొట్టాను బాబూ. బోర్డుకి నిలువుగా లేదు, అడ్డంగా లేదు. ఇక్కడ తీగ ఉండకూడదు."

అందరూ గవరయ్య వైపు తిరిగారు. గవరయ్య ముందుకొచ్చాడు.

"ఏటవాలుగా నేనే లాగాను. ముహూర్తం తరుముకొస్తోంది, అది దగ్గర దారి. గోడలో ఎవరికి కనబడుతుందిలే అనుకున్నాను. ఇందాక స్విచ్ తప్పించిందీ నేనే."

రాజుగారు ఆ మేకుని అరచేతిలోకి తీసుకున్నాడు.

"మా తాతగారి పట్టాభిషేకానికి కోటలో చిత్రపటాలు తగిలించారట," అన్నాడు నెమ్మదిగా. "గోడకి మేకు కొడుతూ ఒకతను పడిపోయాడు. మళ్లీ లేవలేదు. గోడలో తీగ ఎటు పోయిందో అతనికేం తెలుసు? ఆ మూడో మాట అతని కోసం రాశారు. మీరంతా నవ్వుకునేది దానికే. గవరయ్యా, శాసనమంటే ఏమనుకున్నావు? గోడ లోపల పనిచేసినవాడు గోడ బయట ఉన్నవాడికి ఇచ్చిన మాట. ఇతను ఆ మాట నమ్మి మేకు కొట్టాడు. నువ్వు తప్పావు."

గవరయ్య తల వంచుకున్నాడు. "శిక్ష వెయ్యండి ప్రభూ."

"రేపే ఈ గోడ తవ్వి తీగ నిటారుగా వెయ్యి. తర్వాత నువ్వు వైరింగు చేసిన ప్రతి ఇంటికీ వెళ్లు. ఎక్కడెక్కడ దగ్గర దారులు తొక్కావో నీ నోటితోనే చెప్పి, సరిచేసి రా. ఇంతకన్నా పెద్ద శిక్ష నీ నోటికి నేను వెయ్యలేను."

వీధిలో ఎవరో కిసుక్కుమన్నారు. సింగారమ్మ నవ్వలేదు. చేతులు జోడించింది.

"మహారాజా, ముహూర్తం దాటిపోయింది. ఆ గోడ బాగయ్యేదాకా ఈ తలుపు నేను తెరవను. కోట అతిథుల భోజనాలు ఎదురు వీధి వాళ్లకే ఇచ్చెయ్యండి. వాళ్లూ బాగానే వండుతారు, ఉప్పు ఒక్కటే కాస్త ఎక్కువ."

అప్పుడు నవ్వాడు చిత్రభానుడు, మీసాలు కదిలేలా.

"నా అతిథులు దూరదేశాల నుంచి వస్తారు. వాళ్లకి వంట తెలియదు, గోడ తెలియదు, గోడలో తీగ తెలియదు. ఇంటావిడని నమ్మి లోపలికొస్తారు. పరువు పోయినా, ముహూర్తం పోయినా ప్రమాదమున్న తలుపు తెరవనన్నదానివి నువ్వు. నీకివ్వక ఎవరికివ్వను? తలుపు సిద్ధమయ్యాక కబురు పెట్టు, మళ్లీ వస్తాను. ఇంతకీ ఆ పులుసు వాసన నా ముక్కుకి తగిలి చాలాసేపైంది. తినడానికి కూడా తలుపు తెరవాలా?"

"అక్కర్లేదు ప్రభూ. తిరగమోత కాస్త మాడింది, అంతే."

పందిరి కింద వీధిలోనే చాపలు పరిచారు. అరుగు మీద కూలబడ్డవాడు లేచి అరటాకులు వేశాడు. రాజుగారు మొదటి పంక్తిలో, తోరణాలవాడి పక్కన కూర్చున్నాడు. ఎదురు వీధి వాళ్లు పోదామా ఉందామా అని నిలబడితే సింగారమ్మే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. "ఆ కాయలు కోసి పులుసులో వెయ్యకూడదా?" అని రాజుగారు అడిగితే, "దిష్టికి కట్టినవి తినకూడదు నాయనా," అని పాపాయమ్మ ఆయన్నే మందలించింది.

గవరయ్య కూర్చోలేదు. తలెత్తకుండా అన్నం వడ్డిస్తూ తిరిగాడు. ఆఖరికి సింగారమ్మ అతని చేతిలో గిన్నె లాక్కుంది.

"కూర్చోరా. రేపు గోడ తవ్వాలంటే ఒంట్లో బలం ఉండొద్దూ?"

తమ్ముడి ఆకు పక్కనే తనూ ఒక ఆకు వేసుకుని కూర్చుంది. అప్పటికి వీధిలో నిలబడ్డ మనిషంటూ లేడు. ఫ్యాన్లు లేవు, దీపాలు లేవు. చల్లటి గాలి మాత్రం వీచింది. మాడిన తిరగమోత పులుసుని రాజుగారు రెండోసారి వేయించుకున్నాడు.

విన్నారుగా పిల్లలూ, ఎవరి కంటికీ కనబడని చోట కూడా నియమం తప్పనివాడి ఇంట్లోనే పదిమందీ నిర్భయంగా కూర్చుని అన్నం తినగలరు.