భైరవయ్య వదులుకోబోయిన మావటి

అనగనగా, ఏనుగు లేనిదే ఊరేగింపు కదలని రోజుల్లో, ఒక రాజుగారికి పెద్ద గజశాల ఉండేది. దానికి అధికారి భైరవయ్య. ఏనుగుల విషయంలో ఆయన తర్వాతే ఎవరైనా. మరి మావటీల విషయమో? కేకలేస్తేనే పని జరుగుతుందని ఆయన గట్టి నమ్మకం.

ఆ మావటీల్లో ఓబులేసు నెమ్మదస్తుడు. చంద్రలేఖ అనే ఆడ ఏనుగును చూసుకునేవాడు. స్నానానికి తోలుకెళ్తూ దానికి పదాలు పాడేవాడు. అలాంటివాడు ఉన్నట్టుండి మారిపోయాడు.

ఒకరోజు పొద్దెక్కాక వచ్చాడు. "ఏరా, ఏనుగుకు నువ్వు మావటివా, నీకే ఒక మావటి కావాలా?" అని భైరవయ్య అందరి ముందూ గొంతు చించుకున్నాడు.

ఇంకోరోజు చంద్రలేఖ కాలికి గొలుసు వెయ్యడం మరిచాడు. అది తాపీగా వెళ్ళి రాణిగారి అరటితోట నమిలేసింది. భైరవయ్యకు అరికాలి మంట నెత్తికెక్కింది. పండక్కి కొత్త పంచె లేదు పొమ్మన్నాడు.

మూడోసారి, తోటి మావటి ఏదో పరాచికమాడితే ఓబులేసు చెయ్యెత్తాడు. ఎవర్నీ పల్లెత్తు మాట అనని మనిషి!

"ఇక చాలు. రేపు నీ అంకుశం నాకప్పగించు," అన్నాడు భైరవయ్య. అయ్యో, అంకుశం పోగొట్టుకున్న మావటిని ఏ గజశాలా గడప తొక్కనివ్వదు! ఓబులేసు ఇంటిదారి పట్టాడు.

మర్నాడు పొద్దున్నే భైరవయ్య అలవాటు ప్రకారం ఏనుగులను చూడవచ్చాడు. ఒక్కో ఏనుగూ మేత తిన్నదా, చెవులు ఆడిస్తోందా, మందలో కలుస్తోందా, అన్నీ చూసేవాడు. చంద్రలేఖ మేత ముట్టలేదు. ఆయన పరుగున దగ్గరికి వెళ్ళాడు. దాని తొండం నిమిరి, "ఏమైంది తల్లీ? కడుపులో బాగాలేదా?" అన్నాడు.

ఏనుగు నోరు విప్పింది. "నాకేం? దుక్కలా ఉన్నాను. ఒక్క పూట మేత మానితే ఇంత కంగారుపడ్డావే! ఓబులేసు ఎన్నాళ్ళుగానో సద్దిమూట విప్పడం లేదు. పాట మానేశాడు. నలుగురిలో కూర్చోవడం లేదు. అవి నీ కంట పడలేదా?"

"మనిషికి నోరుందిగా! చెప్పుకోవచ్చుగా!"

"నీ ముందు ఎవరికి నోరు పెగులుతుందయ్యా?"

భైరవయ్యకు చెప్పలేనంత సిగ్గేసింది. "ఇంతకీ అతని బాధేమిటి?" అన్నాడు.

"నన్నడుగుతావేం? అతణ్ణే అడుగు," అని ఏనుగు మేతలో తొండం పెట్టింది.

ఓబులేసు అంకుశం పట్టుకుని వచ్చాడు. భైరవయ్య దాన్ని అందుకోలేదు. ఎవరూ లేని చోటికి తీసుకెళ్ళి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. "అందరి ముందూ అరిచాను, తప్పు నాదే. నువ్వు అన్నం తినడం లేదు, పాడటం లేదు. ఏమైంది ఓబులేసూ?" అని అడిగి ఊరుకున్నాడు. నోరు మూసుకుని కూర్చోవడం ఎంత కష్టమో ఆయనకే తెలుసు!

చివరికి ఓబులేసు బావురుమన్నాడు. పురుడు వచ్చినప్పటి నుంచి భార్య మంచం దిగడం లేదట. పొద్దెక్కి పొరుగింటావిడ వచ్చేదాకా పసిబిడ్డను చూసే దిక్కు లేదట.

"ఆస్థాన వైద్యుణ్ణి ఇవాళే పంపిస్తాను. పొద్దుటి స్నానం పని ఇంకొకరు చూస్తారు, నువ్వు మధ్యాహ్నం రా. కానీ గొలుసు మాత్రం మరవకు, ప్రాణాలు పోతాయి," అన్నాడు భైరవయ్య. ఆ సంగతి ఇంకెవరి చెవినా వెయ్యలేదు.

ఆమె కోలుకోవడానికి చాలాకాలం పట్టింది. ఈలోగా ఓబులేసు మళ్ళీ ఒకటి రెండుసార్లు ఆలస్యంగా వచ్చాడు కూడా. కానీ గొలుసు మరవలేదు, అంకుశం అతని చేతిలోనే ఉంది.

కొన్నాళ్ళకు జగ్గయ్య అనే ముసలి మావటి వచ్చి భైరవయ్య ఎదుట నిలబడ్డాడు. "అయ్యా, మీతో ఒక మాట చెప్పుకోవాలి," అన్నాడు. తనంతట తానుగా వచ్చి ఆయనతో ఆ మాట అన్న మొదటి మనిషి అతనే. భైరవయ్య చేతిలో పని పక్కన పెట్టి, కూర్చోమన్నాడు.

విన్నారుగా పిల్లలూ! మన దగ్గర పనిచేసే మనిషి తీరు మారితే, కేక వెయ్యకముందే పక్కకు పిలిచి ఏమైందని అడగాలి.