ఈలదండులో చేరాలంటే

ఎర్రగుట్ట అడవిలో దుప్పులు, కణుతులనే పెద్ద జింకలు, అడవిపందులు, ఎలుగుబంట్లు, నెమళ్లు ఉండేవి. మడుగులో ఒక ముసలి మొసలి ఉండేది. అన్నిటికంటే పేరున్నవి మాత్రం రేచుకుక్కలు. ఎర్రటి ఒళ్లు, నల్లటి కుచ్చుతోకలు. అవి ఊరకుక్కల్లా మొరగవు, ఈల వేస్తాయి. ఒక గుట్ట మీద ఒకటి ఈల వేస్తే చాలు, ఇంకో గుట్ట మీద ఉన్నదానికి ఎటు పరుగెత్తాలో తెలిసిపోతుంది. అందుకే అడవంతా వాటిని ఈలదండు అని పిలిచేది. ఆ పది కుక్కలూ కలిసి వస్తుంటే చిరుతపులి కూడా మర్యాదగా చెట్టెక్కి కూర్చునేది.

అలాంటి దండులో చేరాలని ఏ కుర్రకుక్కకి ఉండదు? ఏటా వానలు తగ్గాక పక్క అడవుల నుంచి ఒకటో రెండో వచ్చేవి. కానీ చేరడం అంత సులువు కాదు. ముందు దండు పరీక్ష ఉండేది.

పెద్దకుక్కలు రేగుపొదల వెనక దాక్కుని, ఏదో ఆపదలో ఉన్నట్టు ఈల వేసేవి. కొత్తది పాపం నిజమే అనుకుని ముళ్లలో పడి పరుగెత్తుకొచ్చేది. తీరా వస్తే ఆపదా లేదు, పాడూ లేదు. అన్నీ పడీ పడీ నవ్వేవి. రోజుకి నాలుగుసార్లు ఇదే ఆట. చివర్లో దాన్ని పొదలోకి తోసి, బయటికి రాబోతే కరిచి మళ్లీ లోపలికి నెట్టేవి. ఎంత నొప్పెట్టినా అది ఈల వెయ్యకూడదు. వేసిందా, పిరికిదని తరిమేసేవి.

రెండేళ్ల కిందట ఈ పరీక్షలోనే చీలుచెవికి కుడిచెవి నిలువునా చీలిపోయింది. ఆ పేరు అలా వచ్చిందే. చీలుచెవికి ఆ చెవంటే ఎంత గొప్పో! ఎవరు కనబడినా తల తిప్పి చూపించేది. "ఊరికే వచ్చిందనుకున్నారా ఇది?" అనేది. ఆ రోజు పొదలో ఏడ్చిన సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఈ ఏడాది వానలు తగ్గాక నాయకుడు బిరుసు చీలుచెవిని పిలిచింది. బిరుసుది దండులోకెల్లా పెద్ద తోక. నడుస్తూ నడుస్తూ వెనక్కి తిరిగి దాన్నే చూసుకునేది.

"ఒరే చీలుచెవీ, ఈసారి పరీక్ష నువ్వే పెట్టు" అంది.

చీలుచెవికి నేల మీద కాళ్లు ఆనలేదు.

వచ్చింది ఒక్కటే కుర్రకుక్క. పేరు మోదుగు. పలచని ఒళ్లు, చురుకైన కళ్లు. చీలుచెవి దొంగ ఈల వేసిన ప్రతిసారీ అది వచ్చింది. నాలుగోసారి కూడా అంతే ఆత్రంగా వచ్చింది. పొదలోకి తోస్తే ఒక్క చప్పుడు చెయ్యలేదు.

"నొప్పిగా ఉందిరా?" అని నవ్వుతూ అడిగింది చీలుచెవి.

"లేదన్నా" అంది మోదుగు. దాని వెనక పాదంలో రేగుముల్లు విరిగి లోపలే ఉండిపోయింది.

మోదుగు దండులో చేరింది. మూడోరోజు వేట. కణుతిని తరుముతూ అన్నీ రాతిగుట్ట ఎక్కాయి. వేట అయ్యాక చూస్తే మోదుగు లేదు.

"పారిపోయుంటాడు. రెండు ముళ్లకే బెదిరిపోయాడు" అంది బిరుసు. అందరూ నవ్వారు. చీలుచెవికి మాత్రం నవ్వు రాలేదు. నాలుగుసార్లు మోసపోయి నాలుగుసార్లూ పరుగెత్తుకొచ్చినవాడు పారిపోతాడా?

మర్నాడు గుట్టంతా వెతికింది. మూడోసారి ఒక బండ పక్కనుంచి పోతుంటే సన్నగా వాసన తగిలింది. తొంగిచూస్తే రాతి చీలికలో మోదుగు ఇరుక్కుని ఉంది. వాచిన కాలు జారి పడిపోయింది. నాలుక ఎండిపోయింది, కళ్లు సగం మూతపడ్డాయి.

"నేను ఇటే రెండుసార్లు పోయానురా!" అంది చీలుచెవి.

"తెలుసన్నా. నీ అడుగుల చప్పుడు విన్నాను."

"మరి ఈల వెయ్యలేదేం?"

"వేస్తే పిరికివాడివన్నావుగా."

ఇన్నాళ్లూ అంత గొప్పగా చూపించుకున్న చెవిని తలుచుకుంటే ఆ క్షణాన చీలుచెవికి సిగ్గేసింది. కింద మట్టి తవ్వి, మెడ పట్టి లాగి, ఎలాగో మోదుగుని బయటికి తెచ్చింది. ముల్లు పళ్లతో పీకింది. పది రోజులు, తల్లి పిల్లకి పెట్టినట్టు, తాను తిన్నదే కక్కి పెట్టింది. మోదుగు బతికింది గానీ కుంటితనం మిగిలిపోయింది.

చలికాలం మొదట్లో ఇంకో ఇద్దరు అన్నదమ్ములు వచ్చారు. బిరుసు మళ్లీ చీలుచెవినే పిలిచింది.

"నేను పెట్టను పెద్దన్నా. అసలు ఆ పరీక్షే వద్దు" అంది చీలుచెవి.

"ఏం, మేమంతా పడలేదా? పడ్డాం కాబట్టే ఇంత గట్టిగా ఉన్నాం."

"కలిసి పరుగెత్తాం కాబట్టి గట్టిగా ఉన్నాం. ముళ్ల వల్ల కాదు."

బిరుసుకి ఒళ్లు మండింది. "అయితే నీ కుంటివాణ్ణి, ఈ పసికూనల్ని వెంటబెట్టుకుని పో! అదీ ఒక దండేనా, చూస్తాను" అంది.

చీలుచెవి ఆ ముగ్గుర్నీ తీసుకుని వెళ్లిపోయింది. వెళ్లేముందు ఒకసారి వెనక్కి చూసింది. ఎంతైనా అది పెరిగిన దండు కదా.

గుట్ట అవతల ఆ నలుగురూ గుండ్రంగా కూర్చున్నారు. అన్నదమ్ములిద్దరూ బిక్కుబిక్కుమంటూ ముళ్లపొదలకేసి చూస్తున్నారు. అప్పుడు చీలుచెవి గొంతు సవరించుకుంది.

"మా దండులో చేరేవాళ్లకి ముందు పెద్దవాళ్లే ఒక మాట చెప్పాలి. ఈ చెవి చీలిన రోజు నేను ఏడ్చాను. ఇప్పటికీ రేగుపొద చూస్తే నాకు దడ."

మోదుగు ఆశ్చర్యంగా చూసింది. తర్వాత మెల్లగా, "నాకు ఇరుకు చోటంటే భయం" అంది. అన్నదమ్ముల్లో పెద్దవాడు తనకి ఎడమకన్ను మసకని చెప్పాడు. చిన్నవాడు ఉరుమంటే భయమన్నాడు. ఒక్కరూ నవ్వలేదు. ఆ రోజు నుంచి పెద్దవాడికి ఎడమపక్క ఎప్పుడూ ఎవరో ఒకరు నడిచేవారు.

పరీక్ష కూడా పెట్టుకున్నారు. కొత్తవాడు దూరంగా పోయి గట్టిగా ఈల వెయ్యాలి. మిగతావాళ్లు నోటి దగ్గర మాంసం ఉన్నా సరే, వదిలేసి పరుగెత్తాలి. పరీక్ష కొత్తవాడికి కాదు, పాతవాళ్లకి! ఎవరు ఆలస్యంగా వస్తే వాళ్లే ఆ పూట చివర తినాలి. కుంటికాలుతో మోదుగు ఒక్కసారి కూడా చివర రాలేదు. అది చూసి చీలుచెవి ఛాతీ ఉప్పొంగేది.

ఎండాకాలం వచ్చింది. మడుగు సగం ఎండి అడుసైపోయింది. దుప్పిని తరుముతూ బిరుసు ఒంటరిగా అందులోకి దూకింది. దుప్పి తేలిగ్గా దాటిపోయింది. బిరుసు పొట్టదాకా దిగబడిపోయింది. అవతలి ఒడ్డున ముసలి మొసలి కళ్లు తెరిచింది.

ఈల వెయ్యాలా? నాయకుడు సాయం కోసం ఈల వెయ్యడమా! బిరుసు పళ్లు బిగబట్టింది. మొసలి మెల్లగా జారింది. ఇంక ఆగలేక బిరుసు ఈల వేసింది. పిల్లకుక్క ఈలలా సన్నగా వచ్చింది.

చెట్టు కింద దాని ఎనిమిది కుక్కలూ విన్నాయి. "పెద్దన్న ఎవరినో ఆటపట్టిస్తున్నాడు" అంది ఒకటి. అన్నీ నవ్వుకుని మళ్లీ కళ్లు మూసుకున్నాయి. దొంగ ఈలలు వేసీ వేసీ, వాటికి నిజం ఈల ఏదో తెలియకుండా పోయింది.

గుట్ట అవతల ఆ నలుగురూ అప్పుడే తినడానికి కూర్చున్నారు. ఎవరు, ఏమిటి అని ఒక్కరూ అడగలేదు. మాంసం వదిలేసి లేచారు. అందరికంటే ముందు మోదుగు ఉంది.

అన్నదమ్ములిద్దరూ ఒడ్డున అటూ ఇటూ గెంతుతూ మొసలిని తమవైపు తిప్పుకున్నారు. అడుసు మీదికి ఒరిగి పడిన మాను మీద పాక్కుంటూ చీలుచెవి, మోదుగు చెరోపక్కా బిరుసు మెడ పట్టి లాగారు. ఒళ్లంతా బయటికొచ్చింది. ఆఖరి క్షణంలో మొసలి వెనక్కి తిరిగి టక్కున నోరు మూసింది. సగం తోక దాని నోట్లో ఉండిపోయింది.

బిరుసు ఒడ్డున పడి రొప్పుతోంది. ఎదురుగా కుంటి మోదుగు నిలబడి ఉంది.

"నువ్వెందుకు వచ్చావురా?" అంది బిరుసు, తల వంచుకుని.

"ఈల వినబడింది, పెద్దన్నా."

ఆ సాయంత్రమే బిరుసు తన ఎనిమిది కుక్కల్నీ తీసుకుని గుట్ట దాటి వచ్చింది. పెత్తనం చీలుచెవికి అప్పగించింది.

మళ్లీ వానలు తగ్గాయి. ఒక కుర్రకుక్క భయపడుతూ వచ్చి దండు ముందు నిలబడింది. అందరికంటే ముందు బిరుసు లేచింది. వెనక్కి తిరిగి మొండితోక చూపించింది.

"బాబూ, నాకు మొసలంటే భయం. నేను ఈల వేస్తే వస్తావు కదూ?"

కుర్రకుక్క కళ్లు పెద్దవి చేసుకుని తల ఊపింది. చీలుచెవి తన పదమూడుమందినీ ఒకసారి చూసుకుంది. అడవిలో ఇంతకంటే గొప్ప దండు ఇంకోటి లేదనిపించింది. ఈసారి చెవి చూపించాలని అనిపించలేదు. "వెళ్లు నాన్నా, ఆ గుట్టెక్కి గట్టిగా ఈల వెయ్యి" అని కొత్తవాడికి చెప్పి, పరుగుకి సిద్ధంగా నిలబడింది.

నీతి: కొత్తవారిని ఏడిపిస్తే భయపడేవారే తయారవుతారు, పిలవగానే పరుగెత్తి వెళ్లి ఆదుకుంటేనే అన్నదమ్ములవుతారు.