గుంటయ్యకు గిట్టని చప్పుడు

కొండను కావలసినంత కోసుకుని మనుషులు వెళ్ళిపోయారు. పోతూ పోతూ రెండు వదిలేశారు: నిట్టనిలువు గోడల పెద్ద రాతి గుంత ఒకటి, దాని అంచున ఇనప దూలానికి వేలాడే గొలుసు కప్పీ ఒకటి. గుంతలో వాన నీళ్ళు చేరాయి. ఆ చుట్టుపక్కల వాగులన్నీ శివరాత్రి రాకముందే ఎండిపోతాయి కాబట్టి, అడవిలో దాహం వేసిన ప్రతి జీవికీ ఆ గుంతే దిక్కయింది.

మేకలు, కోతులు గోడలు పట్టుకుని చకచకా దిగిపోతాయి. కళ్ళు కనపడని ముసలి దుప్పి ఎలా దిగాలి? చూలుతో ఉన్న అడవిపంది ఎలా దిగాలి? అలాంటివాళ్ళని గోనెపట్టా ఉయ్యాలలో కూర్చోబెట్టి, కప్పీ కొక్కేనికి తగిలించి కిందికి దించేవాళ్ళు. నీళ్ళు తాగాక పైకి లాగేవాళ్ళు. లాగేది పుల్లయ్య అనే ఎద్దు. ఏదన్నా అడిగితే నెమరు ఆపి, ఆలోచించి, మళ్ళీ కాసేపు నెమరేసి అప్పుడు జవాబిచ్చే రకం. చేతి గొలుసును నోట కరిచి, మెడ వంచి వంచి లాగేవాడు. కప్పీ బాగోగులు చూసుకునేది బోడెమ్మ అనే ఎలుగుబంటి.

పైకి లాగేటప్పుడు కప్పీ టక్, టక్, టక్ మంటుంది. లోపల ఒక పళ్ళ చక్రం, దాని పళ్ళలో పడే చిన్న ఇనప నాలుక, ఆ నాలుకను వెనకనుంచి నెట్టే వేలెడంత స్ప్రింగు ఉన్నాయి. పన్ను పన్నుకీ నాలుక పడుతూ ఉంటుంది, అదే చప్పుడు. ఉయ్యాల ఎక్కి వణికేవాళ్ళతో బోడెమ్మ ఒకటే చెప్పేది: "ఆ చప్పుడు వింటా కూచో తల్లీ. టక్ మన్నప్పుడల్లా కప్పీ నిన్ను పట్టుకున్నట్టే." కళ్ళు లేని దుప్పికి ఆ మాట చాలు. ముఖం పైకెత్తి వింటూ, నవ్వుకుంటూ వచ్చేది.

ఆ చప్పుడు గిట్టనివాడు అడవి మొత్తానికీ ఒక్కడే, గుంటనక్క గుంటయ్య. ఉయ్యాల దించి పైకి లాగేది మిట్టమధ్యాహ్నం. పొదల్లో కుందేళ్ళు ఒళ్ళు మరిచి నిద్రపోయేదీ, గుంటయ్య పొట్టమీద పాక్కుంటూ వాటి దగ్గరికి చేరేదీ కూడా అప్పుడే. ఇంకొక్క గెంతు ఉందనగా టక్, టక్ మొదలయ్యేది. నీళ్ళకు వేళయిందని కుందేళ్ళు చెవులు నిక్కించి లేచేవి. గుంటయ్య నోట్లో నీళ్ళు నోట్లోనే ఉండిపోయేవి. వేళ్ళమీద లెక్కపెట్టేటన్ని కుందేళ్ళయితే పోనీ అనుకోవచ్చు, ఏళ్ళ తరబడి ఇదే వరస.

బోడెమ్మకు ఒక పద్ధతి ఉంది. ఏటా వానలు వెనకబట్టాక కప్పీని దింపి పూర్తిగా విప్పుతుంది. విప్పిన ముక్కనల్లా విప్పిన వరసలోనే టేకాకుల మీద పేరుస్తుంది. బరువు గొలుసును కడియం కడియంగా గోళ్ళ మధ్య జరుపుతూ, ఎక్కడన్నా సాగిందా, అరిగిందా అని తడుముతుంది. కొక్కెం నోరు తెరుచుకుందేమో చూస్తుంది. పళ్ళ చక్రాలకు గ్రీజు రాస్తుంది. ఇక రెండు బ్రేకు బిళ్ళలున్నాయి చూశారూ, వాటి దగ్గరికొచ్చేసరికి ముందు చేతులు మట్టితో రుద్ది కడుక్కుని, ఎండలో ఆరబెట్టుకుని, అప్పుడు ముట్టుకుంటుంది. నూనె చుక్క పడనివ్వదు, పడిందా, బరువును ఆపాల్సిన బిళ్ళలు జారిపోతాయి. తర్వాత చివర విప్పింది ముందు పెట్టుకుంటూ వెనక్కి వెనక్కి బిగిస్తుంది. అంతా అయ్యాక ముందు ఒక రాయిని ఎత్తించి, పుల్లయ్యను గొలుసు వదిలెయ్యమని, ఆయన ఒక గడ్డిపరక నమిలే దాకా ఆగుతుంది. రాయి కదలకపోతే అప్పుడు ప్రాణులు ఎక్కుతాయి. అందరికంటే ముందు బిగించినవాళ్ళే ఎక్కాలి. ఇంత చాదస్తం దేనికని కోతులు నవ్వేవి. చాదస్తమే కావచ్చు. ఆ ఉయ్యాలలోంచి ఇంతవరకూ ఎవరూ పడలేదు, అదీ నిజమే.

ఆ ఏడు కార్తీకం పోయింది, వానలు అయిపోయాయనుకుని బోడెమ్మ కప్పీ విప్పింది. టేకాకుల మీద ముక్కలన్నీ పరిచి ఉన్నాయి. అప్పుడు తూర్పున తుపాను మబ్బు లేచింది. దానితోపాటే రేవమ్మ అనే గాడిద గోడుగోడున ఏడుస్తూ పరిగెత్తుకొచ్చింది.

"వదినా! నా నేరేడు గుంతలోకి జారాడు!"

నేరేడు ఆమె పిల్ల. నేరేడు పండు రంగు ఒళ్ళు, ఒంటికి మించిన చెవులు. అంచున పచ్చగడ్డి కోసం మెడ చాపి జారిపోయాడు. నీళ్ళకు జానెడు ఎత్తున రాతి అరుగు మీద, ముందుకాలు మడమ బెణికి నిలబడి ఉన్నాడు. వాన పడితే కొండ నీళ్ళన్నీ ఆ గుంతలోకే దూకుతాయి. అది బోడెమ్మకు తెలుసు, రేవమ్మకూ తెలుసు.

"అమ్మా..." అని కిందనుంచి సన్నగా వినపడింది.

బోడెమ్మ గబగబా ఇనప నాలుకను చక్రం దగ్గర పెట్టబోయింది, జారి ఆకు మీద పడింది. ఏటా పక్కన కూచుని తోక ఊపుతూ చూసే గుంటయ్య ఆ రోజూ అక్కడే ఉన్నాడు.

"అక్కా, నువ్వు పోయి పిల్లోడికి ధైర్యం చెప్పు. నేను బిగిస్తా. ఎన్నేళ్ళబట్టి చూస్తన్నా నిన్ను!"

"నీకొచ్చురా?"

"కళ్ళు మూసుకోని బిగిస్తా."

"కళ్ళు తెరుచుకునే బిగించు. బ్రేకు బిళ్ళలు మాత్రం తడి చేత్తో ముట్టుకోబాకు."

కింద పిల్లాడు మళ్ళీ ఏడ్చాడు. బోడెమ్మ ఆగలేకపోయింది. పని మధ్యలో లేచి అంచుకు పోయింది.

గుంటయ్య ఒక్కడే మిగిలాడు. స్ప్రింగును చూశాడు. 'ఇదే గదా ఆ నాలుకను టకటకలాడించేది. చప్పుడు చేసేదే గానీ బరువు మోసేదా, పాడా? గొలుసు మోస్తది, కొక్కెం మోస్తది. ఈ వేలెడు ముక్క ఏం మోస్తది?' అనుకుని దాన్ని బుగ్గన పెట్టుకున్నాడు. ఇంకా ఎక్కడ కిర్రుమంటుందో అని గ్రీజు డబ్బాలో చెయ్యి ముంచి చక్రాలకీ, బ్రేకు బిళ్ళలకీ తేడా లేకుండా దండిగా పట్టించాడు. పిల్లాడికి కీడు చెయ్యాలని వాడికి లేదు, ఆ మాట చెప్పకపోతే నాదే పాపం. వాడికి కావలసింది ఒక నిశ్శబ్దమైన మధ్యాహ్నం, అందులో ఒక కుందేలు. కానీ తెలియని పనిలో తెలివి చూపించడం ఎంత ప్రమాదమో వాడికి తెలియదు.

మూత పెట్టి బోల్టులు బిగించాడు. అందరూ కలిసి కప్పీని దూలానికి తగిలించారు. బోడెమ్మ వేలాడే గొలుసును మెలి లేకుండా సరిచేసి, చేతి గొలుసు ఒక్క బార లాగి చూసింది. పట్టుగుడ్డ జారినట్టు జారింది.

"చప్పుడు లేదేందిరా?"

"గ్లీజు గట్టిగా పెట్టానక్కా," అన్నాడు గుంటయ్య, ఒక బుగ్గతోనే మాట్లాడుతూ. "అందుకే మెత్తగా తిలుగుతాంది."

"నోట్లో ఏంది?"

"పన్ను నొప్పి."

తూర్పున ఉరిమింది. ఒక చినుకు బోడెమ్మ ముక్కు మీద పడింది. రేవమ్మ కాళ్ళు నేలకేసి కొట్టుకుంది. "వదినా, నీకు దణ్ణం పెడతా, దించు! వాన వచ్చేస్తాంది!"

"ముందు రాయి ఎత్తాలమ్మా."

"నా బిడ్డ కింద చావబోతుంటే నీకు రాయి కావాల్నా? నీ కడుపున ఒకడు పుట్టుంటే తెలిసేది!"

బోడెమ్మకు పిల్లలు లేరు. ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా గొంతు పెంచలేదు. "నీ బిడ్డ అని గాదు, నా బిడ్డ అనుకోనే అంటన్నా. రాయి ఎత్తనీ. తర్వాత నన్ను ఎంత తిట్టినా పడతా," అంది.

పుల్లయ్య అప్పటికే పిల్లాడంత బరువున్న రాయిని ఉయ్యాలలోకి దొర్లించాడు. గొలుసు కరిచి లాగాడు. రాయి లేచింది. మోకాలెత్తు, నడుమెత్తు, తలెత్తు. చప్పుడు లేదు. గుంటయ్య గర్వంగా తోక ఎత్తాడు.

"నోరొదులు పుల్లయ్యా," అంది బోడెమ్మ.

పుల్లయ్య వదిలాడు.

రాయి గాల్లో ఒక్క క్షణం కూడా నిలబడలేదు. గొలుసు గరగరమని తిరిగింది, ఉయ్యాల దబ్బున నేలను కొట్టుకుంది, రాయి పగిలి ముక్కలు నలుగురి కాళ్ళ మీదికీ చిమ్మాయి.

రేవమ్మ ఆ ముక్కల వంక చూసింది. చూసి చూసి, అంచుకు పోయి కింద పిల్లాడి వంక చూసింది. గుంటయ్య నోరు దానంతట అదే తెరుచుకుంది. బుగ్గలోంచి స్ప్రింగు జారి బండ మీద టింగుమని పడి, దొర్లుకుంటూ పోయి పుల్లయ్య గిట్ట దగ్గర ఆగింది.

పుల్లయ్య నెమరు ఆపాడు. ఆలోచించాడు. మళ్ళీ నెమరేశాడు. "ఇదేనా నీ పన్ను?" అన్నాడు.

"మావా... చప్పుడు చేసేదే గదా అనుకున్నా..."

"తిట్టడానికి తర్వాత కూడా టైముంది," అంది బోడెమ్మ. "తప్పు నాది గూడా. సగం పనిలో లేచిపోయా." కప్పీ దింపి మూత విప్పింది. బ్రేకు బిళ్ళలు గ్రీజు తాగి మెరుస్తున్నాయి. "ఇవి తుడిస్తే పోయేవి గాదు," అని పక్కన పడేసి, కప్పీతోపాటే మనుషులు వదిలిపోయిన కొత్త జతను తన గుహలోంచి తెచ్చింది. ఏళ్ళుగా పొడిగుడ్డలో చుట్టి దాచింది. చక్రాన్నీ ఇరుసునూ ఆరగా తుడిచి, చేతులు కడుక్కుని ఆరబెట్టుకుంది. చినుకులు పడుతుంటే రేవమ్మ వచ్చి తన ఒళ్ళే గొడుగులా అడ్డం పెట్టి నిలబడింది. ఈసారి తొందరపెట్టలేదు. బిళ్ళలు, పళ్ళ చక్రం, నాలుక, నాలుక వెనక స్ప్రింగు, మూత. ఈసారి బోడెమ్మ చేతిలోంచి ఏ ముక్కా జారలేదు.

మరో రాయి ఎత్తారు. టక్, టక్, టక్. పుల్లయ్య నోరు వదిలి, వంగి, ఒక గడ్డిపరక తీరిగ్గా నమిలాడు. రేవమ్మ ఊపిరి బిగబట్టి ఆయన దవడనే చూసింది. రాయి కదల్లేదు.

"బిగించింది నేను. పద్ధతి ప్రకారం నేనెక్కాలి," అంది బోడెమ్మ. "నా ఒళ్ళూ వాడి ఒళ్ళూ కలిస్తే ఈ ఉయ్యాల మోసే బరువుకు మించిపోద్ది. పిల్లోడు కాలు బెణికి తనంతట ఎక్కలేడు. ఎవరన్నా దిగి ఎక్కించాల." అని గుంటయ్య వైపు చూసింది. "మొదట బిగించినోడివి నువ్వే గదా."

"అక్కా, నేనా?" గుంటయ్య తోక పొట్ట కిందికి పోయింది.

"కొక్కెం నోటి గడియ పడిందా లేదా నువ్వే చూసుకో. చూసి ఎక్కు."

గుంటయ్య ఒకటికి మూడుసార్లు చూసుకుని ఎక్కాడు. పుల్లయ్య చేతి గొలుసును రెండో పక్క పట్టి లాగడం మొదలుపెట్టాడు. ఉయ్యాల దిగుతోంది. దిగేటప్పుడు కప్పీ చప్పుడు చెయ్యదు, అది దాని తీరు. గుంటయ్య ఏళ్ళుగా కోరుకున్న నిశ్శబ్దం అదే. కళ్ళు గట్టిగా మూసుకుని దాన్ని విన్నాడు.

"అక్కా! టక్ మనడంలేదేంది!" అని సగం దూరంలో అరిచాడు.

"దిగేటప్పుడు అనదురా. బ్రేకు పట్టుకోనే ఉంది. కూచో," అని పైనుంచి బోడెమ్మ మెల్లగా చెప్పింది.

కింద నీళ్ళు అరుగును తాకుతున్నాయి. నేరేడు చలికి, భయానికి వణికిపోతున్నాడు. గుంటయ్య వాడి బెణికిన కాలుకు నొప్పి తగలకుండా, మొదట వెనక భాగం, ఆ తర్వాత ముందు భాగం ఉయ్యాలలోకి జరిపి, తన తోకను వాడి మెడకు చుట్టాడు.

"గుంటయ్య మావా, పడిపోతామా?"

"పడం. ఉండు. విను."

టక్.

"ఏందది?"

గుంటయ్య వాడిని ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాడు. "అదా... మనల్ని పట్టుకున్నానని చెప్తంది రా."

టక్, టక్, టక్. నేరేడు ఆ పెద్ద చెవులు రెండూ నిక్కించి విన్నాడు. ప్రతి టక్కుకీ అమ్మ ముఖం కాస్త పెద్దదైంది. అంచుకు వచ్చేసరికి రేవమ్మ వాడిని మెడతో లోపలికి లాక్కుని నాకింది, నాకి నాకి తడి వాన నీళ్ళో కన్నీళ్ళో తెలియకుండా చేసింది. ఆ తర్వాత బోడెమ్మ దగ్గరికి వచ్చి తల దించుకుని నిలబడింది. "వదినా, ఇందాక నోరు జారా..." అనబోతే, బోడెమ్మ వినకుండా పిల్లాడిని తెచ్చి తన ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. "పెద్దమ్మా, నీ ఒళ్ళు వెచ్చగుంది," అన్నాడు వాడు. ఆమె ముఖం చూసినవాళ్ళకు ఇక ఏ క్షమాపణా అవసరం అనిపించలేదు.

తుపాను ఆ సాయంత్రం గుంతను సగం నింపింది.

మళ్ళీ ఎండాకాలం వచ్చింది. ఒక మిట్టమధ్యాహ్నం గుంటయ్య పొట్టమీద పాక్కుంటూ పొద దగ్గరికి చేరాడు. లోపల బలిసిన కుందేలు, గాఢ నిద్ర. ఇంకొక్క గెంతు. అప్పుడే టక్, టక్ మొదలైంది. కుందేలు లేచి, గుంటయ్యను చూసి, చక్కా పోయింది. గుంటయ్యకు ఆకలి మండుతోంది. తిట్టుకుందామని నోరు తెరిచాడు గానీ, ఉయ్యాలలో ఉన్నది నేరేడని గుర్తొచ్చింది. నోరు మూసుకుని, చివరి టక్ వినేదాకా అక్కడే కూచున్నాడు.

నీతి: నీకు అడ్డమనిపించిన చప్పుడును ఆపబోయే ముందు, అది ఎవరి ప్రాణాన్ని పట్టుకుని ఉందో చూడు.