వత్తుల దూది పెట్టిన హెడ్‌ఫోన్

కాస్త జరుగు చిన్నీ, నన్నూ నడుం వాల్చనీ. కథ చెబుతాను గానీ, మధ్యలో లేచి మంచినీళ్ళు అడిగావంటే ఊరుకోను.

అనగనగా ఒక ఊళ్ళో ఒక ఇల్లు. ఆ ఇంట్లో ఒక కోడలు, పేరు హైమ. ఆ ఇంట్లో వాళ్ళకి ఏం కావాలన్నా కాళ్ళు కదిలేవి కాదు, నోళ్ళే కదిలేవి. తువ్వాలు ఏదని మొగుడు పిలిచేవాడు. మాత్ర ఏదని మామగారు పిలిచేవారు. ఈ ఇద్దరూ ఊరుకుంటే, గ్యాసు కట్టేశావా అని అత్తగారు వరహాలమ్మ పిలిచేది.

పొద్దున లేచిన దగ్గర్నుంచి పిలుపులే. పాపం, హైమకి పని చేసి వచ్చిన అలసట కన్నా పలికి పలికి వచ్చిన అలసటే ఎక్కువ. మధ్యాహ్నం అంట్లు తోమాక ఒక్క అరగంట ఎవరూ పిలవకుండా కూర్చోవాలి. అంతే ఆ పిల్ల కోరిక. నగలు అడగలేదు, నాణ్యాలు అడగలేదు.

హైమ దగ్గర పెళ్ళికి ముందు కొనుక్కున్న హెడ్‌ఫోన్ ఒకటుంది. తల మీదుగా వచ్చి రెండు చెవుల్నీ కప్పేస్తుంది చూడు, అలాంటిది. అదంటే ఆ పిల్లకి ప్రాణం. ఒకనాడు దాన్ని పెట్టె అడుగు నుంచి తీసి, పెరటి వరండాలో చాప వేసుకుని, పాటలు పెట్టుకుంది. రెండు పాటలయ్యాయో లేదో విసుగొచ్చి వైరు పీకేసింది. అంత అలిసిపోయిన మనిషికి పాట కూడా ఎవరో పిలుస్తున్నట్టే ఉంటుందమ్మా.

వైరు పీకేశాక బాగుంది. పాటా లేదు, మాటా లేదు. నాకు కావాల్సింది ఇదే అనుకుంది.

కానీ హెడ్‌ఫోన్ పాతది కదా. చెవి మెత్తల తోలు పెచ్చులూడి, నల్లటి పొట్టు చెంపలకి అంటుకునేది. అప్పుడు హైమ పాత నేత చీర కొంగు కత్తిరించి, మెత్తలకి గలీబుల్లాగా కుట్టి తొడిగింది. ఉతికి ఉతికి మెత్తబడిన చీర. చెవులకి హాయిగా ఉంది.

ఆ తర్వాత తల మీది పట్టీ. అది కణతలు నొక్కేసి తలనొప్పి తెచ్చేది. అప్పుడు దాన్ని బొంబాయి రవ్వ డబ్బాకి తొడిగి, రాత్రంతా అలాగే వదిలేసింది. తెల్లారేసరికి పట్టీ సాగి, బిగువు తగ్గింది.

ఇంత చేసినా పిలుపులు మాత్రం లోపలికి దూరుతూనే ఉన్నాయి. అప్పుడు హైమ దేవుడి గదిలోకి వెళ్ళి, అత్తగారి వత్తుల డబ్బాలోంచి గుప్పెడు దూది తీసింది. గింజ తీసిన మంచి దూది. గలీబుల లోపల చుట్టూ కూరి మళ్ళీ కుట్టేసింది. పెట్టుకుని చూస్తే, అబ్బ, ఇల్లు ఇల్లంతా లేచి పక్క వీధికి వెళ్ళిపోయినట్టుంది.

మరి పలక్కపోతే పిలిచేవాళ్ళు ఊరుకుంటారా? వరహాలమ్మ వచ్చి భుజం తట్టింది. "ఏం వింటున్నావే, అంత ఒళ్ళు తెలీకుండా?"

"దేవుడి నామాలత్తయ్యా," అంది హైమ. నోటికి ఏదొస్తే అది అనేసింది.

ఆ ఇంట్లో హైమ అలిసిపోయిందంటే పట్టించుకునేవాళ్ళు లేరు గానీ, దేవుడంటే అందరికీ భయం. నామాల మధ్యలో మనిషిని లేపితే పాపమని వాళ్ళ నమ్మకం. వరహాలమ్మ హాల్లోకి వెళ్ళి గట్టిగా చెప్పేసింది. "అది నామాల్లో ఉంది. ఎవరూ పిలవకండి."

అలా దొరికింది అరగంట. ఫోనూ, వైరు కొసా బొడ్లో దోపుకుని, హైమ రోజూ గోడకి ఆనుకుని కళ్ళు మూసుకునేది.

ఒకరోజు ఫోను చార్జింగుకి పెట్టి హాల్లోనే మర్చిపోయింది. అది కాస్తా మోగింది. వరహాలమ్మ దాన్ని పట్టుకుని వరండాలోకి వచ్చింది. చేతిలో ఫోను వంక చూసింది. హైమ చెవుల వంక చూసింది. ఆ తర్వాత వైరు వంక చూసింది. వైరు బొడ్లోంచి జారి చాప మీద పడి ఉంది. దాని కొసన ఏమీ లేదు.

హైమ కళ్ళు తెరిచింది. తిట్లు తింటానని కాదు దాని భయం, రేపట్నుంచి ఆ అరగంట ఉండదని. "అలిసిపోతున్నానత్తయ్యా," అంది.

వరహాలమ్మ హెడ్‌ఫోన్ తీసి, వేలితో చెవి మెత్తని నొక్కి చూసింది. "నా దూది ఇక్కడికొచ్చిందన్నమాట," అంది. ఆ తర్వాత చాప మీద కూలబడి, దాన్ని తన చెవులకి పెట్టుకుంది.

ఆవిడా ఒకప్పుడు కోడలుగా వచ్చిందే కదమ్మా ఆ ఇంటికి. హైమ పుట్టకముందు నుంచీ ఆవిణ్ణి పిలుస్తూనే ఉన్నారు. కాసేపటికి ఆవిడ భుజాలు దిగాయి. తల గోడకి ఆనింది. ఏడుస్తోందో, కునుకు తీస్తోందో హైమకి తెలియలేదు.

అప్పుడు లోపల్నుంచి మామగారు కేకేశారు. "వరహాలూ! కాఫీ!"

ఆవిడ కొడుకు, అదే హైమ మొగుడు, గుమ్మంలోకి వచ్చాడు. "అమ్మా, నాన్న పిలుస్తున్నారు."

హైమ పెదవుల మీద వేలు పెట్టింది. "అత్తయ్య నామాల్లో ఉన్నారు. పిలవకూడదు."

"మరి కాఫీ?"

"పాలు ఫ్రిజ్‌లో ఉన్నాయి," అంది హైమ, అత్తగారి పక్కనే గోడకి ఆనుకుంటూ.

మర్నాడు వరహాలమ్మ ఎక్కడిదో ఒక పాత హెడ్‌ఫోన్ సంపాదించి, వత్తుల డబ్బాతో సహా తెచ్చి హైమ ఒళ్ళో పెట్టింది. "నాకూ చేసి పెట్టవే. దూది మరికాస్త ఎక్కువ కూరు. వైరు మాత్రం ఉంచు, వాళ్ళ కోసం," అంది.

ఇంకేం ప్రశ్నలు వద్దు, పడుకో. రేపెప్పుడన్నా మీ అమ్మ అలా గోడకి ఆనుకుని కళ్ళు మూసుకుంటే, కాసేపు పిలవకేం.

కథ పోయింది కంచికి,
కునుకొచ్చింది కంటికి,
పిలుపుల్లారా, పోండి మీ ఇంటికి!