ఊ కొట్టిన మాంత్రికుడు

అనగనగా ఒక రాజు. ఊ కొట్టండర్రా! ఈ కథలో ఊ చాలా అవసరం, ముందే చెబుతున్నా.

ఆ రాజుకి ముగ్గురు కూతుళ్లు. ఏడు సముద్రాల అవతల కరాళుడనే మాంత్రికుడు. వాడు ఊళ్లకు ఊళ్లను రాళ్లుగా మార్చేస్తున్నాడు. మాంత్రికుడి ప్రాణం చిలకలో ఉంటుందని రాజుగారి పిల్లలు కథల్లో విన్నారు కదా, పెద్దది వెళ్లింది, పంజరంలో చెయ్యిపెట్టి చిలక మెడ పట్టుకుంది, రాయైపోయింది. రెండోదీ వెళ్లింది, చిలక మెడ పట్టుకుంది, రాయైపోయింది. ఎందుకంటే ఆ కథలన్నీ కరాళుడూ విన్నాడు!

మూడోది మంజులిక, పదహారేళ్లది. భయం లేని పిల్ల అనుకునేరు! తాబేలు వీపు మీద ఏడు సముద్రాలూ దాటినంతసేపూ వణుకుతూనే ఉంది. అయినా అక్కలు కావాలి కదా, వెళ్లింది.

కోట వాకిట్లో అక్కలిద్దరూ రాళ్లై నిలబడి ఉన్నారు. పెద్దక్క రాతికళ్లలోంచి ఇంకా నీళ్లు కారుతున్నాయి. మంజులిక ఆ నీళ్లు తుడిచి, పక్కనే ఉన్న చిలక పంజరం దగ్గరకి వెళ్లింది.

"తల్లీ, నన్ను ముట్టుకోకు. నాలో నా ప్రాణం తప్ప ఎవరి ప్రాణమూ లేదు," అంది చిలక.

"మరి నిన్నెందుకు బంధించాడు?"

"అదే తెలియదమ్మా. పంజరం గడియ మాత్రం రోజుకి మూడుసార్లు చూసుకుంటాడు."

వెనక నుంచి నవ్వు వినిపించింది. కరాళుడు! వాడు గుప్పెడు బూడిద చల్లగానే మంజులిక పాదాలు రాయైపోయాయి. ఆ చల్లదనం మెల్లగా పైకి పాకసాగింది.

"తాతా, పూర్తిగా రాయయ్యేలోపు ఒక కథ చెప్పనా? నువ్వు ఊ కొట్టాలి మరి. ఊ లేకపోతే నాకు కథ సాగదు."

పాపిష్టివాడే కానీ, కథలంటే చెవి కోసుకుంటాడు. ఆ దిక్కుమాలిన కోటలో వాడికి కథ చెప్పేదెవరు? అరుగు మీద చతికిలబడ్డాడు.

"అనగనగా ఒక మాంత్రికుడు."

"ఊ."

"వాడి ప్రాణం బావిలో పాము కడుపులో ఉంది."

"ఊ." వాడికి నవ్వొచ్చింది.

రాయి మోకాళ్లు దాటింది.

"కాదు కాదు, రోట్లో ఉంది."

"ఊ."

రాయి నడుము దాటింది. మంజులికకి ఏడుపొచ్చింది. వాకిట్లో ఇంకేముంది? గోడ పక్కన ఒక జామచెట్టు, దానికి ఒకే ఒక్క కాయ.

"అదీ కాదు తాతా, జామకాయలో ఉంది."

ఊ రాలేదు.

మంజులిక తలెత్తి చూసింది. వాడి మొహంలో నెత్తురు చుక్క లేదు. అప్పుడు అర్థమైంది, ఆ పంజరం ఎందుకో! జామకాయ కనిపిస్తే ఏ చిలక ఊరుకుంటుంది? ఇంకా రాయి కాని చేత్తో గడియ లాగేసింది.

"కొరుకు!"

కరాళుడు లేచేలోపే చిలక రివ్వున ఎగిరి కాయలో ముక్కు దించింది. అది ఎంత కొరికితే వాడు అంత మట్టై రాలిపోయాడు. రాళ్లైనవాళ్లంతా మళ్లీ మనుషులయ్యారు. అక్కలిద్దరూ ఒళ్లు విరుచుకుని, చెల్లెల్ని కావలించుకుని భోరుమన్నారు.

మంజులిక తన కథలకి ఓపిగ్గా ఊ కొట్టే రాకుమారుణ్ని ఏరికోరి పెళ్లాడి, ముసలిదయ్యేదాకా రాజ్యమేలింది. కానీ ఆ భయం మాత్రం పోలేదు. మనవలకి కథ చెబుతుంటే ఎవరి ఊ అయినా ఆగితే ఒళ్లు జల్లుమనేది. గబగబా ఆ బిడ్డ పాదాలు తడిమి చూసేది, వెచ్చగా ఉన్నాయా లేదా అని.

ఏరా, నీ ఊ ఏదీ? కాళ్లు ఇటు పెట్టు.