దీపం పాట

నూనె వర్తకుడు భూషయ్యకు రాజుగారి కోటలో కూడా పలుకుబడి ఉంది. అతను డప్పుల మేళం నడిపే సింగమ్మను పిలిపించి, "మీ దీపం పాట నా కొట్టు ముందు పాడండి. జనం ఎగబడి నూనె కొంటారు," అన్నాడు.

"అది జాతరలో అమ్మవారికి పాడే పాటయ్యా. అంగడికి ఇవ్వం," అంది సింగమ్మ. ఎంత ఆశ చూపినా ఆమె మాట మార్చలేదు.

మర్నాడు భూషయ్య తన పనివాళ్లచేతే ఆ పాట పాడించాడు. సింగమ్మ వెళ్లి నిలదీసింది.

"పాట మీ తాత సొత్తా? అది ఊరందరిదీ!" అని పదిమందిలో గద్దించాడు భూషయ్య.

"ఆ మాట మీదే ఉండండి," అని సింగమ్మ డప్పు అందుకుని వీధివీధీ తిరిగింది.

సాయంత్రానికి ఊరంతా ప్రమిదలు పట్టుకుని కొట్టు ముందు నిలబడింది. దీపం పాట పాడించినవాళ్లు, విన్న ప్రతి ఇంటి ప్రమిదలోనూ నూనె పోయాలన్నది ఆనవాయితీ. ఏటా జాతరలో రాజుగారే పోయిస్తారు కనుక భూషయ్యకు ఆ సంగతే గుర్తులేదు.

"అది మీ మేళం ఆనవాయితీ! నాకేంటి?" అని అరిచాడు.

"మాదెక్కడిదయ్యా? పాట ఊరిదైతే ఆనవాయితీ కూడా ఊరిదే," అంటూ సింగమ్మ అందరికంటే ముందు తన ప్రమిద చాపింది.