కాకి మింగేసిన మాట

అనగనగా కొండరాళ్ళ నడుమ ఒక అడవి. ఆ అడవిలో ముళ్ళమ్మ అనే ఏదుపంది తన ఇద్దరు పిల్లలతో ఒక బొరియలో ఉండేది. ఆ బొరియ ముళ్ళమ్మకు వాళ్ళమ్మ తవ్వి ఇచ్చినది.

ఒక కరువు ఏడాది ముళ్ళమ్మ పిల్లల ఆకలి చూడలేక, బొరియను ఎలుగుబంటి దగ్గర తాకట్టు పెట్టి దుంపలు అప్పు తెచ్చుకుంది. రోజూ కొన్ని తవ్వి ఇస్తూ అప్పు తీరుస్తూనే ఉంది. ఇంతలో రాయి పడి ముందుకాలు విరిగింది. తవ్వడం ఆగిపోయింది. అంతే, వారం తిరక్కుండా అడవి రాజు సింహంగారి కాకి వచ్చి గుమ్మం ముందు వాలింది.

“పున్నమి రోజు పొద్దున దర్బారు. నీ బొరియ ఎలుగుబంటికి ఇవ్వాలో వద్దో అక్కడ తేలుస్తారు,” అనేసి ఎగిరిపోయింది. పిల్లలూ, ఆ కాకి చెప్పాల్సిన మాట ఇంకొకటి ఉంది. తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ముళ్ళమ్మ కుంటుకుంటూ నెమలి వకీలు దగ్గరికి వెళ్ళింది.

“ముందు బుట్టెడు పళ్ళు పెట్టు. అప్పుడు నోరు తెరుస్తాను,” అంది నెమలి.

“అన్ని పళ్ళు ఉంటే నాకీ గొడవ ఎందుకమ్మా?” అంది ముళ్ళమ్మ. నెమలి మొహం తిప్పుకుంది.

తర్వాత చిలుక వకీలు దగ్గరికి వెళ్ళింది. “ఎలుగుబంటితో నాకెందుకు తగువు? రేపు వచ్చి నా చెట్టెక్కి కూర్చుంటుంది,” అంది చిలుక.

మూడోది నక్క. అది పిలవకుండానే ఇంటికి వచ్చింది. “అయ్యో అక్కా, నేను లేనూ? ఇంట్లో ఉన్న దుంపలు ఇవ్వు, చాలు. కాలు నొప్పితో నువ్వు దర్బారుకి రావద్దు. అంతా నేను చూసుకుంటాను,” అంది. పిల్లల కోసం దాచిన దుంపలన్నీ మోసుకుపోయింది. పసివాళ్ళ నోటి దగ్గర తిండిని కూడా వదల్లేదు, సిగ్గులేని జన్మ.

పున్నమి రోజు ముళ్ళమ్మ గుమ్మంలో కూర్చుంది. కానీ ఎక్కువసేపు కూర్చోలేకపోయింది. “నా ఇల్లు ఉంటుందో పోతుందో అక్కడ తేలుస్తుంటే, నేను ఇక్కడ కూర్చోవడమేమిటి?” అనుకుని మూడు కాళ్ళ మీద బయల్దేరింది.

దర్బారులో నక్క ఎలుగుబంటి పక్కనే కూర్చుని దుంప నములుతోంది. ఆ దుంప ముళ్ళమ్మదే.

“ముళ్ళమ్మ తరఫున ఎవరున్నారు?” అని సింహం అడిగింది. నక్క పలకలేదు. మళ్ళీ అడిగింది. నక్క పలకలేదు. మూడోసారి కూడా ఎవరూ పలకకపోతే ఇల్లు ఎలుగుబంటిదే. అక్కడి పద్ధతి అది.

సింహం మూడోసారి అడిగింది.

“నేనున్నాను,” అంది ముళ్ళమ్మ. దాని ముళ్ళన్నీ నిక్కబొడుచుకుని ఉన్నాయి. “నాకు వకీలు లేరు. పెట్టుకునే స్తోమత లేదు. ఈ నక్క నా పిల్లల తిండి తీసుకుని నన్ను ఇంట్లో కూర్చోమంది.”

సింహం తెల్లబోయింది. “స్తోమత లేనివాళ్ళకి దర్బారే ఉచితంగా వకీలును ఇస్తుంది. ఆ మాట కూడా చెప్పి రమ్మన్నానే?”

కాకి తల దించుకుంది. ఎలుగుబంటి పెట్టిన తేనెపట్టు తిని ఆ మాట మింగేసింది మరి.

“తమరు చెప్పమన్నారు. చెప్పారో లేదో ఒక్కసారైనా అడిగారా?” అంది ముళ్ళమ్మ. “ఇలాగే కుందేలు ఇల్లు పోయింది. ముంగిస ఇల్లు పోయింది. వాళ్ళు ఎందుకు రాలేదని అడిగారా?”



సింహం కూర్చున్న బండ పక్క నుంచి ఒక ముసలి తాబేలు ముందుకు వచ్చింది. “ఆ ఉచిత వకీలును నేనేనమ్మా. ఏళ్ళ తరబడి ఇక్కడే ఉన్నాను. అడిగినవాళ్ళే లేరు,” అని, రాజు వైపు తిరిగింది. “దెబ్బ తగిలి అప్పు ఆగితే గడువు ఇవ్వాలని మన అడవి చట్టం, ప్రభూ.”

సింహం వానాకాలం దాటేదాకా గడువు ఇచ్చింది. ఇల్లు నిలిచింది. నక్కను అడవి నుంచి తరిమేశారు. కానీ అది తిన్న దుంపలు తిరిగి రాలేదు. కాలు నయమయ్యేదాకా పిల్లలు చేదు వేర్లు తిన్నాయి.

ఆ తర్వాత కాకి ఎవరి గుమ్మం ముందు వాలినా, వెనకాలే ముళ్ళమ్మ వచ్చి నిలబడేది. “రెండో మాట కూడా చెప్పు,” అనేది. కాకి చెప్పేది.

నీతి: ఇల్లు పోయే ఆపద వస్తే ఇంట్లో కూర్చోకూడదు, వెళ్ళి, స్తోమత లేదని సిగ్గుపడకుండా చెప్పి, సాయం అడగాలి. ఆ సాయం ఉందని తెలిసీ చెప్పనివాళ్ళు ఇల్లు లాక్కునేవాళ్ళతో సమానం.